పని మానే హక్కు
(ఎస్.ఆర్. శంకరన్ స్మారక ఉపన్యాసం)



శంకరన్ గారి పేరిట మాట్లాడటంలో ఒక చిక్కుంది. ఆయనకు పొగడ్త పడదు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్న మనిషి. తంజావూరులో పుట్టి, ఐఏఎస్ అధికారిగా అప్పటి మన ఉమ్మడి రాష్ట్రానికి వచ్చారు. నెల్లూరు కలెక్టరుగా, సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా, త్రిపుర ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. జీతంలో, ఆ తర్వాత పింఛనులో పెద్ద భాగం దళిత పిల్లల చదువులకే పోయేది. 2010 అక్టోబరులో ఆయన పోయినప్పుడు హైదరాబాదులో ఏడ్చినవాళ్ళలో మంత్రుల కంటే సఫాయి కార్మికులు ఎక్కువ. ఈ ముక్క చాలనుకుంటాను. ఇంకా పొగిడితే ఆయన ఎక్కడున్నా లేచి వెళ్ళిపోతారు.

ఆయన చేసిన పనుల్లో ఒకదాన్ని పట్టుకుని నా మాట మొదలుపెడతాను. వెట్టి కార్మిక నిర్మూలన చట్టం 1975లో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైంది. తెలంగాణలో జీతగాళ్ళని, కోస్తాలో పాలేర్లని పిలిచే మనుషుల్లో చాలామందికి ఆ చట్టం ఒకటుందని చెప్పే నాథుడు లేడు. శంకరన్ గారు దాన్ని సచివాలయం ఫైల్లోంచి తీసి ఊళ్ళలోకి నడిపించారు. అప్పు కింద పనిచేస్తున్న మనిషికి ఆ అప్పు రద్దయిందని, ఇక ఆ ఇంటి గడప తొక్కనక్కరలేదని ప్రభుత్వమే వెళ్ళి చెప్పడం అప్పట్లో చిన్న విషయం కాదు. ఆ పట్టుదల ఇక్కడి పాలకులకు మింగుడుపడలేదన్నది మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది కూడా ఆ చట్టం చుట్టూ తిరిగేదే. కార్మికుడి సంపాదన అతని పనితనం మీద కొంతే ఆధారపడుతుంది. నచ్చకపోతే పని మానేసి పోగల స్తోమత అతనికి ఉందా అన్న దాని మీద చాలా ఆధారపడుతుంది. ఆ స్తోమతను ఇంటి పరిస్థితులు ఒక పక్క నుంచి కోస్తాయి, వలస నిబంధనలు రెండో పక్క నుంచి కోస్తాయి. గల్ఫ్ దారి పట్టిన మన వాళ్ళను ముందు పెట్టుకుని మాట్లాడతాను.

1

జగిత్యాల పక్క ఊరి తాపీ మేస్త్రీ ఒకతను దుబాయి పోతున్నాడనుకుందాం. ఈ లెక్క ఎవరి ఖాతా పుస్తకంలోదీ కాదు, నేను వేసిందే. కానీ ఆ జిల్లా వాళ్ళు సభలో ఉంటే అంకెలు ఎక్కడ తప్పాయో ఆగి చెప్పొచ్చు.

ఏజెంటుకు, సబ్ ఏజెంటుకు, మెడికల్‌కు, టికెట్‌కు కలిపి లక్షన్నర అయింది. ఊళ్ళో మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు, అంటే నూటికి నెలకు మూడు. జీతం వెయ్యి దిర్హమ్‌లు. రూపాయల్లో ఇరవై మూడు వేలు అనుకుందాం. తిండికి మూడు వందల దిర్హమ్‌లు, ఫోనుకు, సబ్బుకు, గడ్డం గీయించుకోవడానికి యాభై. ఇంటికి పంపగలిగేది పదిహేను వేలు. ఇల్లాలు అందులో ఆరు వేలతో పిల్లల ఫీజులూ కిరాణా నెట్టుకొస్తుంది. మిగిలిన తొమ్మిది వేలూ అప్పిచ్చినతనికి పోతాయి. మొదటి నెల ఆ తొమ్మిదిలో సగం మిత్తికే సరి. లెక్క చివరిదాకా వేస్తే అప్పు తీరడానికి ఇరవై నాలుగు నెలలు పడుతుంది.

అతని కాంట్రాక్టు ఎన్నాళ్ళు? రెండేళ్ళు.

అంటే ఒక్క నెల జీతం ఆగకుండా, ఒక్కరోజు జ్వరం రాకుండా, ఊళ్ళో బోరు ఎండకుండా ఉంటేనే కాంట్రాక్టు ముగిసే నెలకు అతను సున్నాకు చేరతాడు. ఇంకో లెక్క చూడండి. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ అని మన ప్రభుత్వ నిబంధనే చెబుతోంది. అదొక్కటే తీసుకుని ఉంటే, అదే మూడు రూపాయల మిత్తికి తెచ్చినా, నాలుగైదు నెలల్లో బాకీ తీరిపోయేది. అదే మనిషి, అదే తాపీ, అదే వెయ్యి దిర్హమ్‌లు. ఏడాదిన్నర సంపాదన ఎక్కడ పోయింది? ఎడారిలో పోలేదు. విమానం ఎక్కకముందే పోయింది.

పోయింది డబ్బొక్కటే అయితే నేను ఇంత దూరం వచ్చి చెప్పేవాణ్ణి కాదు. ఆ ఇరవై నాలుగు నెలలూ అతను దేనికీ ఎదురు చెప్పలేడు. కంపెనీ వాళ్ళు ఇక్కడ చెప్పిన పని ఒకటి, అక్కడ పెట్టిన పని ఇంకొకటి అయినా సరే. రెండు నెలల జీతం ఆపినా సరే. తిరిగి వస్తే వాకిట్లో అప్పిచ్చినతను కూర్చుంటాడు. మన వాళ్ళు నైపుణ్యం లేక తక్కువ జీతానికి పనిచేస్తున్నారని సెమినార్లలో తరచూ వింటాం. శిక్షణ ఇస్తే బాగుపడతారట. శిక్షణ మంచిదే, కాదనను. కానీ తలకు మించిన మిత్తి ఉన్న మంచి మేస్త్రీ కూడా తల వంచుకునే పనిచేస్తాడు.

మరి అప్పు చేసి ఎందుకు పోతారని అడిగేవాళ్ళున్నారు. ఎప్పుడు పోతారో చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. బిడ్డ పెండ్లి కుదిరినాక, మూడో బోరు ఫెయిలయినాక, తండ్రిని హైదరాబాదు ఆసుపత్రిలో చూపించి వచ్చినాక పోతారు. బేరం ఆడే ఓపిక లేని రోజునే బేరానికి కూర్చుంటారు. ఆ రోజు మనిషికి ఏ వీసా ముందు దొరికితే అదే మంచి వీసా.

2

ఇది కొత్త సంగతి కాదు. మన తాతల కాలంలో కోస్తా నుంచి రంగూన్ పోయినవాళ్ళదీ ఇదే కథ. గంజాం నుంచి గోదావరి దాకా ఊళ్ళకు ఊళ్ళు ఓడలెక్కాయి. బర్మా వాళ్ళు మన వాళ్ళను కోరంగీలన్నారు, ఓడలెక్కిన కోరంగి రేవు పేరు మీద. అక్కడికి చేర్చింది మేస్త్రీ. అతనే అప్పిచ్చేవాడు, అతనే ఓడ టికెట్టు కొనేవాడు, అతనే పని చూపించేవాడు, కూలి కూడా అతని చేతి మీదుగానే వచ్చేది. అంచెలంచెలుగా కోత పడ్డాక మిగిలింది కూలీకి.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు దించే కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను తెచ్చిపెట్టాయి. కొన్నాళ్ళకు మన వాళ్ళతో రాజీ కుదిరింది, బర్మా వాళ్ళను పొమ్మన్నారు. పొద్దున పనికి వచ్చినవాళ్ళకు పని లేదని తెలిసింది. ఆ రోజు మొదలైన కొట్లాట నగరమంతా పాకింది, తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. కంపెనీల వాళ్ళ మీద ఈగ వాలలేదు.

వలస వచ్చినవాళ్ళు ఉన్నవాళ్ళ కూలి పడగొడతారన్న వాదన ఇలాంటి చోటే పుడుతుంది. అర్థశాస్త్రంలో దీని మీద పెద్ద రచ్చే ఉంది. 1980లో క్యూబాలోని మరియెల్ రేవు నుంచి లక్షా పాతిక వేల మంది అమెరికా చేరారు. వాళ్ళలో సగం మంది మయామిలోనే ఉండిపోయారు, ఆ ఒక్క నగరంలో కార్మికుల సంఖ్య 7 శాతం పెరిగింది. అయినా అక్కడి సాధారణ కూలీల వేతనాలు పడిపోలేదని డేవిడ్ కార్డ్ 1990లో రాశారు. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. కాదు, హైస్కూలు కూడా దాటని స్థానికుల వేతనం బాగా పడిందని జార్జ్ బోర్హాస్ అవే లెక్కలు తిరగేసి వాదించారు. ఇద్దరూ ఉద్దండులే. తీర్పు చెప్పే స్థాయి నాది కాదు గానీ, ఇద్దరి తగువూ వచ్చినవాళ్ళ సంఖ్య వల్ల ఏమైందన్న దాని మీదే. వచ్చినవాడు ఏ కట్టుతో వచ్చాడన్నది కదా నా ప్రశ్న. రంగూన్‌లో మేస్త్రీ అప్పు కింద ఉన్న కోరంగీ ఎంతకైనా పనిచేయక తప్పదు. అలాంటి మనిషి పక్కన నిలబడిన బర్మా కూలీ ఎక్కువ అడిగితే ఎవరిస్తారు? ఇద్దరి కూలినీ కట్టి పడేసింది ఒకే తాడు.

3

కూలిని ఆపేది ఈ కట్టేనన్న మాటకు రుజువేదని అడుగుతారు. గల్ఫ్ నుంచే ఒకటుంది.

ఖఫీల్ అంటే ఏమిటో ఈ సభలో చెప్పనక్కరలేదు. వీసా ఇచ్చిన యజమానే ఖఫీల్, అతను ఒప్పుకుంటే తప్ప వేరేచోట చేరే వీల్లేని పద్ధతి అది. యూఏఈలో ఒకప్పుడు కాంట్రాక్టు ముగిసినా అభ్యంతరం లేదని పాత యజమాని కాగితం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే దేశం విడిచి పోవాలి. 2011 జనవరి నుంచి ఆ నిబంధన సడలించారు. కాంట్రాక్టు పూర్తయినవాళ్ళు కాగితం లేకుండానే మారొచ్చన్నారు. దాని ఫలితాన్ని సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్-యీ వాంగ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు జీతాల రికార్డులతో లెక్కగట్టారు. మొదటి పేరు వినగానే కొందరు తలెత్తారు, నాకు కనిపిస్తోంది.

వాళ్ళు తేల్చింది ఇది. కాంట్రాక్టు ముగిసినవాళ్ళ సంపాదన పది శాతానికి పైగా పెరిగింది. కొందరు కొత్త కంపెనీలకు మారిన మాట నిజమే. కానీ దేశం విడిచి పోయేవాళ్ళు తగ్గడంతో పాత కంపెనీలోనే నిలిచినవాళ్ళూ ఎక్కువయ్యారు. పోగలడని తెలిశాక యజమాని ఉంచుకోవడానికి ప్రయత్నించాడు. కార్మికుడి చేతులు కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. మారింది ఒక్క నిబంధన.

అయితే ఇందులో చేదు కూడా ఉంది, దాచడం బాగుండదు. అప్పటికే అక్కడ ఉన్నవాళ్ళు బాగుపడ్డారు గానీ, బయటి దేశాల నుంచి కొత్తగా రావలసిన వాళ్ళకు గిరాకీ తగ్గింది, వాళ్ళ జీతమూ కొంత తగ్గింది. కట్టేసి ఉంచగలిగితేనే తెచ్చుకుంటామన్న యజమానులు అంతమంది ఉన్నారన్న మాట. కట్టు విప్పితే వీసాలు తగ్గుతాయని మన ప్రభుత్వాలు జంకడం వెనక ఉన్నది ఇదే. 2020 సెప్టెంబరులో, కొవిడ్ నడుమ, గల్ఫ్‌కు పోయే మన కార్మికులకు ఉండాల్సిన కనీస వేతన ప్రమాణాన్ని ఢిల్లీ బాగా తగ్గించింది. కొన్ని దేశాలకు రెండు వందల డాలర్లకు దించింది. పోటీ దేశాల ముందు మన వాళ్ళకు ఉద్యోగాలు పోకూడదన్నది సాకు. తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళాక, మరుసటి ఏడాది ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి.

కట్టు తెంచుకునే దారి ఒకటి మన వాళ్ళు వాళ్ళే కనిపెట్టుకున్నారు. ఖఫీల్‌ను వదిలి బయటపడటాన్ని ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయినవాడికి రోజుకూలి తరచూ ఎక్కువే దొరుకుతుంది. కానీ అకామా, అంటే నివాస అనుమతి, ఉండదు, ఆసుపత్రికి పోలేడు, తల్లి చనిపోయినా రాలేడు. క్షమాభిక్ష ప్రకటించేదాకా ఏళ్ళు గడుపుతాడు. స్వేచ్ఛ ఉంటే కూలి ఎంత పలుకుతుందో అతను చూపిస్తున్నాడు, ఆ స్వేచ్ఛకు ఎంత కట్టాలో కూడా.

ఇదంతా గల్ఫ్ గోల, మా పిల్లలది అమెరికా అని కొందరు నిశ్చింతగా కూర్చుని ఉండొచ్చు. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ వెతుక్కోవడానికి ఎన్ని రోజులు? అరవై. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న పరిమితి వల్ల మన పిల్లలు ఎన్నేళ్ళు వరుసలో ఉంటున్నారో మీకే తెలుసు. ఆ వరుసలో ఉన్నంతకాలం జీతం పెంచమని గట్టిగా అడగడానికి ఎంతమంది సాహసిస్తారు? అంతస్తు వేరు, ఏసీ వేరు, జీతం పక్కన సున్నాలు వేరు. ఫోన్ చేసినప్పుడు అడిగి చూడండి.

4

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళ విషయంలో లెక్క తిరగబడుతుంది.

ఉమ్మడి కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి పోయిన ఆడవాళ్ళు ఎందరో. వంట, పిల్లలు, ముసలివాళ్ళు, బట్టలు, అన్నీ వాళ్ళే. మగవాడు వీసా కోసం అప్పు చేస్తాడు. ఇంటిపనికి పోయే ఆడమనిషికి సాధారణంగా ఆ ఖర్చు యజమాని పెట్టుకుంటాడు. అప్పు లేదు కదా, నయం అనుకుంటాం. నయం కాదు. అంత డబ్బు పోసి తెచ్చుకున్నానని, అది వసూలయ్యేదాకా ఆమె తన ఇంటిదేనని అతను అనుకుంటాడు. పాస్‌పోర్టు బీరువాలోకి పోతుంది. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ళకు ప్రత్యేక చట్టం వచ్చింది, ఆ తర్వాత కనీస వేతనం అరవై దినార్లన్నారు. చట్టం ఇంటి గుమ్మం దాకా వస్తుంది. లోపలికి ఎవరు వెళ్ళి చూస్తారు? ఇంటిపని కోసం ఇచ్చే ఖాదీం వీసా మీద పోయినవాళ్ళు కంపెనీల్లో పనిచేయడానికి వీలిచ్చే షూన్ వీసాకు మారడం మామూలు రోజుల్లో కుదరదు. 2024లో ఒక రెండు నెలలు ఆ తలుపు తీసి మళ్ళీ మూశారు.

మన ప్రభుత్వం చేసిందేమిటి? పదో తరగతి పాసవని ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళు నిండకుండా ఈ దేశాలకు పనికి పోకూడదంది. 2016లో ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలంది. ఉద్దేశం మంచిదే. కానీ ఇంట్లో తాగుబోతు మొగుడు, స్కూలుకు పోయే ఇద్దరు పిల్లలు ఉన్న ఇరవై ఆరేళ్ళ మనిషికి ముప్పై ఎప్పుడు నిండాలి? నిషేధం ఆమెను ఆపలేదు, దారి మార్చింది. విజిట్ వీసా మీద, ఇంకో ఊరి విమానాశ్రయం నుంచి, ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా వెళ్ళింది. రేపు జీతం ఎగ్గొడితే ఆమె తరఫున రాయబార కార్యాలయం చూపించడానికి ఒక కాంట్రాక్టు కాగితం కూడా లేదు. కాపాడటానికి పెట్టిన నిబంధనే ఆమె బేరశక్తిని దెబ్బతీసింది.

చదువుకున్నవాళ్ళకూ పెళ్ళి ఇలాగే అడ్డొస్తుంది. 2015కు ముందు హెచ్-4 మీద మొగుడి వెంట అమెరికా పోయిన మన ఇంజనీరు అమ్మాయిలు పనిచేయడానికే వీల్లేదు. అప్పటి నుంచి కూడా గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వెళ్ళినవాళ్ళ భార్యలకే ఆ అనుమతి. బీటెక్ ఫస్ట్ క్లాసు పట్టా సూట్‌కేసు అడుగున పెట్టుకుని ఏళ్ళకేళ్ళు వంటింట్లో ఉన్నవాళ్ళ సంపాదన ఏ గణాంకంలో రాస్తారు?

5

ఇక్కడిదాకా మన వాళ్ళకు జరిగిన అన్యాయం చెప్పాను. వినడానికి ఇబ్బంది లేదు. ఇప్పుడు చెప్పేది కాస్త ఇబ్బంది పెడుతుంది.

ఉమ్మడి కరీంనగర్ నుంచి మగవాళ్ళు దుబాయి పోతుంటే, అదే జిల్లాలోని పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు మనుషులు ఎక్కడి నుంచి వస్తున్నారు? ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి. అక్కడ ఆగస్టు, సెప్టెంబరులో నువాఖాయి పండగ వస్తుంది. పండగ ఖర్చు మీద పడి, చేతిలో పైసా లేని సరిగ్గా ఆ రోజుల్లోనే కూలీలను కుదిర్చే సర్దార్ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు పంచుతాడు. ఒక్క మనిషికి కాదు, ఒక జట్టుకు. మొగుడు, పెళ్ళాం, ఒక పిల్లో పిల్లాడో కలిస్తే ఒక పథురియా. చలికాలానికి బట్టీ చేరతారు, వానలు పడేదాకా ఉంటారు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంతని. వారానికోసారి తిండి ఖర్చు చేతిలో పెడతారు, లెక్క సీజను చివరన తేలుస్తారు. మధ్యలో పోతామంటే అడ్వాన్సు కక్కమంటారు. పిల్లలకు తెలుగు రాదు. బట్టీల దగ్గరే ఒడియా వాచకాలతో బడులు నడిపిన ప్రయత్నాలు జరిగాయి, మంచివే. కానీ మట్టి పిసికే జట్టులో పిల్లవాడు మూడో మనిషి అయినప్పుడు బడి ఎంతసేపు?

అప్పు ఇంటి కష్టం రోజున పుట్టింది. లెక్క యజమాని చేతిలో ఉంది. భాష రాదు, దారి తెలియదు. దుబాయిలో ఈ వరుస చూసి మనం కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఇక్కడ మన ఇల్లు కట్టిన ఇటుక ఇదే.

ఇక చట్టం. 1982 ఏషియాడ్ కోసం ఢిల్లీలో స్టేడియాలు కట్టిన వలస కూలీల కేసులో సుప్రీం కోర్టు, జస్టిస్ భగవతి కలం నుంచి, గొప్ప మాట చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు మనిషి పనిచేస్తున్నాడంటే ఆకలో, లేమో అతన్ని నెట్టి ఉంటుంది, అదీ బలవంతపు చాకిరే, రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది అని. 1976 చట్టం 6వ సెక్షన్ ప్రకారం వెట్టి కింద ఉన్న బాకీ రద్దయినట్టే. ఇటుక బట్టీకి ఈ రెండూ అచ్చంగా వర్తిస్తాయి. విముక్తి పత్రం ఇవ్వాల్సింది జిల్లా మేజిస్ట్రేట్. 2016 పథకం కింద మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు పునరావాసం ఇవ్వాలి. అయితే ఆ సొమ్ములో ఎక్కువ భాగం నేరం రుజువైతేనే చేతికి వస్తుందని మెలిక పెట్టారు. కేసు తేలేసరికి ఆ కుటుంబం ఏ బట్టీలో ఉంటుందో?

గల్ఫ్ కార్మికుడికి ఆ మాత్రం కూడా లేదు. అక్కడ చనిపోతే తెలంగాణ ప్రభుత్వం ఐదు లక్షల సాయం ఇస్తోంది. సంతోషం. బతికుండగా అతని మెడ మీదున్న మూడు రూపాయల మిత్తి గురించి ఏ పథకమూ లేదు. ముప్పై వేలకు మించి ఏజెంటు వసూలు చేసింది అక్రమమని వలస నిబంధన చెబుతుంది, దాని కోసం చేసిన అప్పు మాత్రం సక్రమమే అన్నట్టు ఊళ్ళో నడుస్తుంది. 1983 నాటి వలస చట్టం స్థానంలో కొత్తది తేవాలని 2025లో ముసాయిదా వెలువడింది. అక్రమ వసూలు కోసం పుట్టిన బాకీని 1976 చట్టం లాగే రద్దు చేస్తూ అందులో ఒక సెక్షన్ పెట్టమని నేను అడుగుతున్నాను. వసూలు చేసిన ఏజెంటు నుంచే అప్పిచ్చినతను తన డబ్బు రాబట్టుకోవాలి. అప్పుడు ఊళ్ళో లక్షన్నర తీసి ఇచ్చేముందు అతనే అడుగుతాడు, ఏ ఏజెంటు, లైసెన్సు ఉందా, రసీదు ఏదీ అని.

చట్టం మారేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. 1976 చట్టం 13వ సెక్షన్ కింద ప్రతి జిల్లాలో నిఘా కమిటీ ఉండాలి. ఈ హాల్లో ముగ్గురు మాజీ కలెక్టర్లు, ఇద్దరు ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళు ఉన్నారని అధ్యక్షుల వారు ఇందాక పరిచయం చేశారు. మాజీలను అడగను. మిగతా ఇద్దరినీ అడుగుతాను: మీ జిల్లాలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? బట్టీల సీజను మొదలు కాకముందు ఈ ఏడాది ఎప్పుడు కూర్చోబోతోంది? తేదీ చెబితే నేనూ వస్తాను, వెనక బెంచీలో కూర్చుంటాను.